సిమ్యులేషన్ చూపిస్తే పాఠం వచ్చేస్తుందా? ఐఎఫ్‌పీ ఉన్న హైస్కూలు టీచర్‌కు నా జవాబు

మేడమ్, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతా టీచర్లకూ తెలుస్తుంది. మీరు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నారు. లెక్కల పోస్టు ఖాళీగా ఉండటంతో తొమ్మిది, పది తరగతుల లెక్కలూ మీ మీదే పడ్డాయి. క్లాసులో ఐఎఫ్‌పీ, అంటే తాకితే పనిచేసే పెద్ద తెర ప్యానెల్ ఉంది. సైన్స్ సిమ్యులేషన్లు (తెర మీద మార్చి చూడగల నమూనాలు) ఉండే ఫెట్ వెబ్‌సైట్ గురించి, లెక్కల సాఫ్ట్‌వేర్ జియోజెబ్రా గురించి విని కొన్ని చూపించారు. పిల్లలు కళ్లార్పకుండా చూశారు కానీ మరుసటి రోజు అడిగితే నోరు విప్పలేదు. నెట్ ఎప్పుడు ఉంటుందో తెలియదు. వీటిలో ఏవి వాడాలి, ఎలా వాడాలి, ల్యాబ్‌లో సామాను ఉన్నప్పుడు ఇవి అవసరమా అన్నది మీ సందేహం.

పిల్లలు నోరు విప్పకపోవడానికి మీరు బెంగపెట్టుకోవద్దు. ఎంత చక్కటి సిమ్యులేషన్ అయినా ఊరికే చూస్తే దాదాపు ఏమీ మిగలదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం దీన్నే పరీక్షించి 2004లో ప్రచురించింది. అవే ఫిజిక్స్ ప్రయోగాలను కొందరు విద్యార్థులకు అసలు చూపించలేదు. కొందరికి చూపించి వివరించారు. ఇంకొందరి చేత ఏం జరుగుతుందో ముందే ఊహించి రాయించి, ఆ తర్వాత చూపించారు. మరికొందరి చేత ఊహించాక పక్కవాళ్లతో చర్చ కూడా చేయించారు. తర్వాత అలాంటి ప్రశ్నే ఇచ్చి కారణం రాయమంటే, ఊరికే చూసినవాళ్లకూ అసలు చూడనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముందుగా ఊహించి చూసినవాళ్లు మెరుగ్గా రాశారు. ఊహ రాయించడానికి అదనంగా పట్టిన సమయం సుమారు రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలు మీరు ఏ పీరియడ్‌లోనైనా తీయగలరు. ఇక మీద నేను చెప్పేదంతా ఆ రెండు నిమిషాలను ఎక్కడ, ఏ ప్రశ్నతో పెట్టాలన్నదే.

పదో తరగతి విద్యుత్ పాఠంతో మొదలుపెడతాను. సిమ్యులేషన్ల విలువ నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించిన పాఠం ఇది.

ఫెట్‌లో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్, డీసీ అనేదాన్ని తెరవండి. ఫెట్ అనేది నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు. దానిలోవన్నీ ఉచితమే. కిట్‌లో బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు అని ముందే పెట్టి ఉంటాయి. ఒక బ్యాటరీ, ఒక స్విచ్, శ్రేణిలో రెండు బల్బులు, మధ్యలో మూడు అమ్మీటర్లు పెట్టండి. ఒక అమ్మీటర్ మొదటి బల్బుకు ముందు, ఒకటి రెండు బల్బుల నడుమ, ఒకటి చివర. స్విచ్ మాత్రం వేయకండి. మూడు అమ్మీటర్లలో ఏది ఎక్కువ చూపిస్తుందో, ఏది తక్కువ చూపిస్తుందో ఒక్కొక్కరినీ నోట్‌బుక్‌లో రాయమనండి. రాశాక ఎవరూ దిద్దకూడదని చెప్పండి.

ఓమ్ నియమం ఒప్పచెప్పగల పిల్లలు కూడా చాలామంది మొదటి మీటర్‌లో ఎక్కువ, చివరి మీటర్‌లో తక్కువ అని రాస్తారు. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది, మిగిలింది రెండోదానికి వెళ్తుంది అన్నది వాళ్ల లెక్క. పెద్ద చదువులు చదివినవాళ్లలోనూ ఈ నమ్మకం ఉంటుంది. దాన్ని బయటికి రానివ్వకుండా మనం ఎన్ని లెక్కలు చేయించినా అది లోపల అలాగే ఉండిపోతుంది. చేతులెత్తించి ఎవరెవరు ఏం రాశారో బోర్డు మీద వేయండి. అప్పుడు ఒక పిల్లను పిలిచి స్విచ్ వేయించండి. మూడు మీటర్లూ 0.45 ఆంపియర్లే చూపిస్తాయి. క్లాసులో గోల మొదలవుతుంది. ఆ గోలను ఆపకండి.

ఆ వెంటనే "మరి బల్బులో ఏం ఖర్చయింది?" అని వాళ్లే అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. ఓల్ట్‌మీటర్ తీసి ఒక్కో బల్బు రెండు కొసలకూ ఆనించండి. ఒక్కోదాని దగ్గర 4.5 ఓల్టులు. ఎలక్ట్రాన్లు ఎన్ని వెళ్లాయో అన్నీ తిరిగొచ్చాయి, అవి మోసుకెళ్లిన శక్తి మాత్రం బల్బుల దగ్గర దిగింది. ఇంటికొచ్చే కరెంటు బిల్లులో లెక్కపెట్టే యూనిట్లు కూడా శక్తివేనని, ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట అని అక్కడే చెప్పేయండి. పొటెన్షియల్ భేదం అన్న మాట నిర్వచనంగా కంటే ఆ ప్రశ్నకు జవాబుగా వస్తే పిల్లలకు నిలుస్తుంది.

ఇప్పుడు సమాంతర సంధానం. ఒక్క బల్బే ఉంటే 0.9 ఆంపియర్లు. పక్కన సమాంతరంగా ఇంకో బల్బు పెడితే మొదటి బల్బు కాంతి తగ్గుతుందా, పెరుగుతుందా, అలాగే ఉంటుందా? మళ్లీ రాయించండి. సిమ్యులేషన్‌లో అలాగే ఉంటుంది, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు మాత్రం 1.8 అవుతుంది. తర్వాత మీ ల్యాబ్‌లో నిజమైన డ్రై సెల్‌తో, నిజమైన టార్చి బల్బులతో ఇదే చేయించండి. కాంతి కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. "కంప్యూటర్ తప్పు చెప్పింది" అని పిల్లలు అంటారు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే. సిమ్యులేషన్‌లోని బ్యాటరీకి అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపలే ఉండే నిరోధం, సున్నా అని పెట్టి ఉంటుంది. ల్యాబ్ స్క్రీన్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోట నొక్కితే దాన్ని పెంచవచ్చు. 3 ఓమ్‌లు పెడితే ఒక్క బల్బు ఉన్నప్పుడు సుమారు 0.69 ఆంపియర్లు, రెండోది సమాంతరంగా చేర్చాక ఒక్కోదానిలో సుమారు 0.56. ల్యాబ్‌లో కళ్లకు కనిపించినదే ఇప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. నమూనాలో ఏం వదిలేశారో, ఎందుకు వదిలేశారో పదో తరగతి పిల్లలు తమంతట తాము పట్టుకోవడం కంటే మంచి సైన్స్ పాఠం నాకు తెలియదు.

ల్యాబ్ ఉండగా ఇవి ఎందుకు అన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 2005లో కొలరాడో విశ్వవిద్యాలయంలోనే నోవా ఫింకెల్‌స్టైన్, ఆయన సహచరులు సర్క్యూట్ల ప్రయోగాన్ని కొందరు విద్యార్థుల చేత ఫెట్ సిమ్యులేషన్‌తో, కొందరి చేత నిజమైన సామానుతో చేయించారు. ఆ తర్వాత అందరికీ నిజమైన వైర్లు, బల్బులు ఇచ్చి సర్క్యూట్ కట్టి వివరించమన్నారు. సిమ్యులేషన్‌తో నేర్చుకున్నవాళ్లు అందులో వెనకబడకపోగా మెరుగ్గా చేశారు, పరీక్షలో సర్క్యూట్ల ప్రశ్నలకూ బాగా రాశారు. కారణం ఊహించడం కష్టం కాదు. ల్యాబ్‌లో పిల్లల దృష్టి సగం వదులు కనెక్షన్ల మీదకు, వైరు రంగు మీదకు, ఒకలా వెలగని రెండు బల్బుల మీదకు పోతుంది. సిమ్యులేషన్ ఆ చికాకులను పక్కన పెడుతుంది, కంటికి కనిపించని ఎలక్ట్రాన్లను కనిపించేలా చేస్తుంది. దీన్ని పట్టుకుని ల్యాబ్‌కు తాళం వేయమని మాత్రం నేను చెప్పను. వదులు కనెక్షన్ ఎక్కడుందో వెతకడం, మీటర్ సూది సరిగా చదవడం, రీడింగులు మూడుసార్లు తీస్తే మూడు రకాలుగా రావడం, ఇవన్నీ నేర్చుకోవాల్సినవే. అవి తెర మీద దొరకవు. వరుస అయితే నా అనుభవంలో ముందు సిమ్యులేషన్, వెంటనే సామాను. మధ్యలో రోజులు గడవనివ్వకండి.

ఒక హెచ్చరిక. తెర మీద ఎలక్ట్రాన్లు చకచకా పరుగెత్తుతాయి. నిజంగా ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్ సగటున సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలదు. మీటరు దూరం జరగడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలిగింది? సిమ్యులేషన్‌ను మళ్లీ పెట్టి, స్విచ్ వేసిన క్షణంలో ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ కదలడం మొదలైందో చూడమనండి. తీగ పొడవునా అన్నీ ఒకేసారి కదులుతాయి. వేగం విషయంలో తప్పు చూపించే నమూనాయే ఈ విషయంలో సరిగ్గా చూపిస్తోంది. రెండూ పిల్లలకు చెప్పండి.

అన్ని నమూనాల్లోనూ ఇలాంటి చిక్కు ఉంటుంది కాబట్టి దాని గురించి ఇక్కడే ముగించేస్తాను. ఫెట్‌లోని బిల్డ్ యాన్ ఆటమ్ సిమ్యులేషన్‌లో కేంద్రకం గోలీ అంత కనిపిస్తుంది, దాని చుట్టూ జానెడు దూరంలో ఎలక్ట్రాన్లు ఉంటాయి. నిజానికి పరమాణువు కేంద్రకం కంటే పదివేల రెట్ల నుంచి లక్ష రెట్ల దాకా పెద్దది. తెర మీద కేంద్రకం గోలీ అంత ఉంటే ఎలక్ట్రాన్లు ఊరి పొలిమేర దగ్గర ఉండాలి. సౌరకుటుంబం బొమ్మలూ అంతే. సూర్యుడి వ్యాసం భూమి వ్యాసానికి 109 రెట్లు, మధ్య దూరం 15 కోట్ల కిలోమీటర్లు. ఈ రెండూ ఒకే కొలమానంలో ఒక తెర మీద పడితే భూమి కంటికి ఆనదు. ప్రతి సిమ్యులేషన్ చివర "ఇందులో నిజం కానిది ఏమిటి?" అన్న ప్రశ్న ఒకటి పెట్టుకోండి. పిల్లలు దానికి చెప్పే జవాబుల్లో వాళ్లకు ఎంత అర్థమైందో తెలిసిపోతుంది.

లోలకం గురించి కొద్దిగా చెబుతాను. పెండ్యులం ల్యాబ్ సిమ్యులేషన్‌లో పొడవు, ద్రవ్యరాశి, గురుత్వం విడివిడిగా మార్చవచ్చు. ద్రవ్యరాశి పెంచితే డోలనావర్తన కాలం మారుతుందా అన్నది మొదటి ఊహ. మారదు. ఒక మీటరు లోలకాన్ని భూమి మీద ఊపితే రెండు సెకన్లు. చంద్రుడి మీదకు మారిస్తే ఎంత అవుతుందో ఊహించమనండి. సుమారు ఐదు సెకన్లు వస్తుంది. అందులో ప్లానెట్ ఎక్స్ అని ఒక గ్రహం ఉంది, దాని గురుత్వ త్వరణం ఎంతో చెప్పరు. పొడవు, కాలం కొలిచి పిల్లలే లెక్కగట్టాలి. సూత్రంలో విలువలు వేసే లెక్క కంటే ఇది వాళ్లకు ఎంతో నచ్చుతుంది. ఇక కోణం. కంపన పరిమితి మీద కాలం ఆధారపడదు అని మనం చెబుతుంటాం. 10 డిగ్రీల దగ్గర అది నిజమే అనిపిస్తుంది. 60 డిగ్రీలకు లాగి వదిలితే కాలం 7 శాతం పైనే పెరుగుతుంది, 2.01 సెకన్లది 2.15 అవుతుంది. "చిన్న కోణాలకు మాత్రమే" అని పుస్తకం ఎందుకు రాస్తుందో అప్పుడు తెలుస్తుంది. దారానికి రాయి కట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఇరవై డోలనాలు లెక్కపెట్టి ఇదే తేడాను క్లాసులో నిజంగా పట్టుకోవచ్చు. ఒక్క డోలనంతో దొరకనిది ఇరవై లెక్కపెడితే మూడు సెకన్ల తేడాగా కనిపిస్తుంది. ఊగేకొద్దీ కోణం తగ్గుతుంది కనుక అనుకున్న దానికంటే కొంచెం తక్కువ వస్తుంది. ఎందుకు తక్కువ వచ్చిందని అడగడం మరచిపోకండి.

కెమిస్ట్రీలో మాత్రం కాస్త చూసుకుని వాడాలి. రసాయన సమీకరణాలను తుల్యం చేసే ఫెట్ సిమ్యులేషన్ బాగానే ఉంటుంది, రెండు వైపులా పరమాణువుల సంఖ్యను త్రాసు లాగా చూపిస్తుంది. కానీ దానిలో పిల్లలు మార్చగలిగేది గుణకాలను మాత్రమే. మన పిల్లలు పరీక్షలో చేసే అసలు తప్పు వేరు. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ చాలకపోతే హెచ్‌టూఓను హెచ్‌టూఓటూ చేసేస్తారు. అంటే నీరు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది. సిమ్యులేషన్‌లో ఆ తప్పు చేయడానికి వీలే లేదు కాబట్టి ఆ తప్పు పోదు, దాక్కుంటుంది. పైగా నవ్వు ముఖం వచ్చేదాకా అంకెలు పైకీ కిందికీ నొక్కుతూ పోతే ఆలోచించకుండానే జవాబు దొరుకుతుంది. అందుకని ముందు బోర్డు మీద సమీకరణం రాసి, ఓటూ అని మారిస్తే ఏమవుతుందని అడిగి, ఆ పదార్థమే మారిపోయిందని తేలాక సిమ్యులేషన్ తెరవండి. గుణకాలు నోట్‌బుక్‌లో రాసినవాళ్లకే తెర దగ్గరకు రావడానికి అవకాశం ఇవ్వండి. ఏ సిమ్యులేషన్ చూసినా మీరు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మా పిల్లలు చేసే తప్పును దీనిలో చేయగలరా? చేయగలిగితేనే దాన్ని దిద్దుకునే అవకాశం ఉంటుంది.

లెక్కలకు వస్తే, జియోజెబ్రా ఒక్కటి నేర్చుకోండి, చాలు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మాస్టర్స్ డిగ్రీ కోసం 2001-02 ప్రాంతంలో మొదలుపెట్టిన పని అది. ఈ రోజు ప్రపంచమంతా వాడుతోంది. గ్రాఫులకు డెస్మాస్ కూడా చాలా బాగుంటుంది, చేతికి ఇంకా తేలిక. కానీ రేఖాగణితం కూడా చెప్పాలి కనుక మీకు జియోజెబ్రా మేలు.

వర్గ బహుపది పాఠంలో నేను ఎక్కడికి వెళ్లినా చేయించే పని ఒకటి చెబుతాను. వై ఈక్వల్ టు ఎ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి అని టైపు చేస్తే ఎ, బి, సి లకు స్లైడర్లు వస్తాయి. ఎ ని జరిపితే పరావలయం సన్నబడుతుంది, వెడల్పవుతుంది, సున్నా దాటితే బోర్లపడుతుంది. సి ని జరిపితే మొత్తం బొమ్మ పైకీ కిందికీ పోతుంది. ఈ రెండూ పిల్లలు ముందే చెప్పేస్తారు. బి దగ్గర ఆగండి. ఎ విలువ 1, సి విలువ మైనస్ 3 పెట్టి, బి ని సున్నా నుంచి పెంచుతూ పోతే బొమ్మ ఎటు కదులుతుంది? అందరూ పక్కకి అంటారు. జరిపి చూస్తే పక్కకీ, కిందికీ కలిసి పోతుంది. ఎక్కడైతే వై అక్షాన్ని కోస్తుందో ఆ బిందువు మాత్రం మైనస్ 3 దగ్గర మేకు కొట్టినట్టు కదలదు. ఎందుకు కదలదు? ఎక్స్ సున్నా అయితే బి ఎంత ఉన్నా ఆ పదం సున్నాయే. ఈ జవాబు తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు.

ఇప్పుడు శీర్షాన్ని ఒక బిందువుగా పెట్టి ట్రేస్ ఆన్ చేయండి. దాని ఎక్స్ నిరూపకం మైనస్ బి బై టూ ఎ, వై నిరూపకం సి మైనస్ బి స్క్వేర్ బై ఫోర్ ఎ. బి ని అటూ ఇటూ జరుపుతూ పోతే శీర్షం వదిలివెళ్లే చుక్కలు ఇంకో పరావలయం గీస్తాయి, బోర్లా తిరిగింది. బి సున్నా అయితే (0, −3), 2 అయితే (−1, −4), 4 అయితే (−2, −7), మైనస్ 2 అయితే (1, −4). ఈ నాలుగు బిందువులూ బోర్డు మీద వేసి సమీకరణం కనుక్కోమనండి. మైనస్ ఎక్స్ స్క్వేర్ మైనస్ 3 అని కాసేపటికి ఎవరో ఒకరు చెబుతారు. తెలివైన పిల్లలకు ఎ విలువ మార్చితే ఏమవుతుందో ఇంటికి ఇవ్వండి. ఇది పరీక్షకు రాదు, నిజమే. కానీ బి అంటే ఏమిటో ఒక్కసారి చేతికి తగిలిన పిల్లకు, మూలాల మొత్తం మైనస్ బి బై ఎ అన్నది ఇక కంఠస్థం చేసే పని ఉండదు. శీర్షం ఆ రెండు మూలాలకు సరిగ్గా నడుమ ఉంటుందని ఆమె చూసింది కదా.

రేఖాగణితంలో ఒక్క అలవాటు చేయించండి: గీసిన బొమ్మను పట్టుకుని లాగి చూడటం. చతురస్రం గీయమంటే చాలామంది కంటి అంచనాతో నాలుగు బిందువులు పెట్టి కలుపుతారు. ఒక మూల లాగగానే అది చెదిరిపోతుంది. లంబరేఖలు, వృత్తం వాడి నిర్మించిన చతురస్రాన్ని ఎటు లాగినా పెరుగుతుంది, తరుగుతుంది, తిరుగుతుంది, చతురస్రంగానే ఉంటుంది. నిర్మాణం అంటే ఏమిటో దీనికి మించి నేను చెప్పలేను.

తొమ్మిదో తరగతిలో మధ్యబిందువు సిద్ధాంతం వచ్చినప్పుడు ఏదో ఒక చతుర్భుజం గీయించి, నాలుగు భుజాల మధ్యబిందువులను వరుసగా కలపమనండి. లోపల ఏర్పడే ఆకారం ఏమిటి? ఎటు లాగినా సమాంతర చతుర్భుజమే వస్తుంది. ఒక మూలను లోపలికి నొక్కినా, భుజాలు ఒకదాన్నొకటి దాటేలా మెలిపెట్టినా అదే. ఫ్రెంచి గణితజ్ఞుడు వారిన్యాన్ చనిపోయాక 1731లో అచ్చయిన ఫలితం ఇది. పిల్లలు ఇక్కడ ఒక మాట అంటారు: "ఎంత లాగినా అలాగే ఉంది కదా సార్, ఇంకా నిరూపణ ఎందుకు?" ఆ ప్రశ్నను తోసేయకండి. చూశాం కాబట్టి నిజమే, ఎందుకు నిజమో మాత్రం తెర చెప్పదు. ఒక కర్ణం గీయించండి. చతుర్భుజం రెండు త్రిభుజాలవుతుంది, రెండింటిలోనూ మధ్యబిందువులు కలిపిన గీత ఆ కర్ణానికి సమాంతరం, దానిలో సగం. అంతే, నిరూపణ వచ్చేసింది. లాగి చూసినప్పుడు పుట్టిన ఆశ్చర్యం ఉంది కనుక ఆ నిరూపణ వాళ్లకు కావాల్సిన జవాబుగా వస్తుంది.

సంభావ్యతలో కంప్యూటర్ చేసే మేలు ఇంకో రకం. నాణెం వేసిన పాతకాలపు లెక్కలు పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకంలో ఉండేవి. బ్యుఫాన్ 4,040 సార్లు వేస్తే 2,048 బొమ్మలు, కెరిచ్ 10,000 సార్లు వేస్తే 5,067, కార్ల్ పియర్సన్ 24,000 సార్లు వేస్తే 12,012. పిల్లలు ఈ అంకెలు చదివి దాటేసేవారు. ముందు క్లాసులో ఒక్కొక్కరూ పదేసి సార్లు నాణెం వేయనివ్వండి, మూడు బొమ్మలొచ్చినవాళ్లూ ఎనిమిది వచ్చినవాళ్లూ ఉంటారు. తర్వాత జియోజెబ్రాలోనో స్ప్రెడ్‌షీట్‌లోనో వంద, వెయ్యి, పదివేలు వేయించండి. నిష్పత్తి 0.5 దగ్గరకు చేరుతుంది. అప్పుడు అడగండి: సగం కంటే ఎన్ని ఎక్కువ వచ్చాయి, ఆ తేడా కూడా తగ్గుతుందా? బ్యుఫాన్‌కు 28 ఎక్కువ వచ్చాయి, అంతకంటే రెట్టింపుకు పైగా వేసిన కెరిచ్‌కు 67. నిష్పత్తిలో మాత్రం కెరిచ్ ఇంకా సగానికి దగ్గరగా ఉన్నాడు. "వరసగా ఐదు బొమ్మలు పడ్డాయి, ఇక బొరుసే పడాలి" అన్న నమ్మకం ఎక్కడ తప్పుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఇక మీ నెట్ సమస్య. ఫెట్‌లో హెచ్‌టీఎంఎల్5 (బ్రౌజర్‌లోనే నడిచే రకం) సిమ్యులేషన్ ప్రతిదానికీ డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. ఒక్కోటి ఒకే ఫైల్‌గా దిగుతుంది. నెట్ ఉన్నచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్‌లో తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపండి. ముందురోజు సాయంత్రమే అదే ప్యానెల్ మీద ఒకసారి నడిపి చూసుకోండి, పీరియడ్‌లో ఆ టెన్షన్ వద్దు. జియోజెబ్రాను కూడా ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు. పాత సీడీల్లో, పాత లింకుల్లో ఉన్న ఫ్లాష్ సిమ్యులేషన్లు మాత్రం పనిచేయవు. 2020 చివరితో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది. వాటి కోసం సమయం వృథా చేసుకోకండి, చాలావాటికి కొత్త రూపాలు వచ్చేశాయి.

భాష సంగతి. ఫెట్‌లో కొన్ని సిమ్యులేషన్లకు తెలుగు ఉంది, అన్నిటికీ లేదు. లేనివాటికి స్వచ్ఛందంగా అనువాదం చేసే సదుపాయం వాళ్ల సైట్‌లోనే ఉంది. తెలుగు మీడియం పుస్తకాల మాటలు తెలిసిన మీలాంటివాళ్లు పూనుకుంటే ఎంతో మందికి పనికొస్తుంది. దించుకోబోయే ముందే భాష చూసుకోండి. ఇంగ్లిష్‌లోనే ఉంటే తెర మీద కనిపించే నాలుగైదు మాటలను బోర్డు పక్కన తెలుగులో రాసి పెడితే చాలు.

తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల ప్రయోగాలకు ఓల్యాబ్స్ ఉంది. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ (ముంబయి) కలిసి చేసిన వెబ్‌సైట్ అది. ప్రయోగ విధానం, వీడియో, సిమ్యులేషన్, ప్రశ్నలు ఒకేచోట ఉంటాయి కాబట్టి రికార్డు రాయడానికి ముందు విధానం చూసుకోవడానికి పనికొస్తుంది. అడుగులు ముందే నిర్ణయించి ఉంటాయి కనుక పిల్లలు సొంతంగా ప్రశ్న వేసి చూడటానికి మాత్రం నేను ఫెట్‌నే ఎంచుకుంటాను. వర్చువల్ ల్యాబ్స్ అని కేంద్ర విద్యాశాఖ ప్రాజెక్టు ఇంకోటి ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా దానిలో ఉంది, కానీ అది ఎక్కువగా ఇంజినీరింగ్, డిగ్రీ స్థాయికి.

క్లాసులో ఎవరు ముట్టుకోవాలన్నదీ ముఖ్యమే. ప్యానెల్ ఒకటే, పిల్లలు నలభై మంది ఉంటారు. మీరు దాని ముందు నిలబడి నడిపితే అది మళ్లీ వీడియో అయిపోతుంది. మీరు వెనక్కి వెళ్లి నిలబడండి. ఒకరు ప్యానెల్ దగ్గర, మిగతావాళ్లు ఏం మార్చాలో చెప్పాలి, కానీ చెప్పే ముందు ఏమవుతుందో రాసి ఉండాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నియమం. పొడవూ బరువూ కలిపి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదని రెండుసార్లు దెబ్బతిన్నాక వాళ్లే గుర్తుపెట్టుకుంటారు. ఎప్పుడూ చేతులెత్తే నలుగురినే పిలవకండి. తప్పు ఊహ రాసిన పిల్లనే పిలిచి స్విచ్ వేయించండి, కాకపోతే ఎగతాళి పడనివ్వకండి. తప్పు ఊహకు మార్కులు కోయరని నమ్మకం కుదిరాకే వాళ్లు నిజంగా అనుకున్నది రాస్తారు. అంతవరకూ పక్కనోడి నోట్‌బుక్ చూసి రాస్తారు.

మొత్తం పీరియడ్ దీనికే ఇవ్వనక్కర్లేదు. పదిహేను నిమిషాలు సిమ్యులేషన్, మిగతా సమయం బోర్డూ నోట్‌బుక్కూ. మొదటిసారి తెరిచినప్పుడు మాత్రం రెండు మూడు నిమిషాలు వాళ్ల ఇష్టానికి ఆడనివ్వండి. బ్యాటరీని షార్ట్ చేసి మంట వచ్చేదాకా వాళ్లకు మనసు నిలవదు, ఆ మంట కూడా పాఠమే. ప్రతి పాఠానికీ ఒకటి వెతకాలని కంగారు పడకండి. కంటికి కనిపించనిది, చేతితో మార్చలేనిది, వేలసార్లు చేయాల్సినది ఉన్న పాఠాలకే ఇవి కావాలి. కుంభాకార కటకంతో కిటికీ బొమ్మను గోడ మీద పట్టడం లాంటిది మీ చేతిలో ఉండగా తెర మీద కటకం చూపించడం దండగ. ముందు కటకం పట్టించండి, కిరణాలు ఎలా వంగాయని అడిగినప్పుడు సిమ్యులేషన్ తెరవండి.

పైవాళ్లు సిలబస్ గురించి అడుగుతారని కూడా రాశారు. సర్క్యూట్ల పాఠంలో పిల్లలు రాసిన ఊహలు, చూశాక రాసిన కారణాలు ఆ నోట్‌బుక్కులోనే ఉంటాయి కదా, ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కు అవే చూపించండి. ఈ వారం విద్యుత్ పాఠం మొదలవుతుందన్నారు కాబట్టి మూడు అమ్మీటర్ల ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఫైల్ దించుకోవడంలో ఇబ్బంది వస్తే ప్యానెల్‌లో ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ ఉందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.